ఈ ఆనందం దేవునిదా, లోకానిదా?

ఈనాటి మన ధ్యానానికి ఆధారం పౌలు భక్తుడు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయం 17వ వచనం. మీ దగ్గర బైబిలు ఉంటే తెరచి చూడండి. ధనం మీద నమ్మిక ఉంచవద్దని ధనవంతులను హెచ్చరిస్తూ పౌలు అక్కడ ఒక గొప్ప సంగతి చెబుతున్నాడు. మన దేవుడు పిసినారి కాడు. మనం సంతోషంగా అనుభవించాలని సమస్తాన్నీ ధారాళంగా ఇచ్చేవాడు. ఒకే వచనంలో రెండు సంగతులు పక్కపక్కనే ఉన్నాయి. వరాన్ని అనుభవించు, అయితే నీ నమ్మికను వరం మీద పెట్టుకోవద్దు. ఈ రెండింటినీ కలిపి పట్టుకోవడం ఎంత కష్టమో సంఘ చరిత్ర మనకు చూపిస్తుంది.

ఈ సంగతి ఎందుకు ఎత్తుకున్నానంటే, మన సంఘాల్లోని యౌవనస్థులు కొందరు తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. "అయ్యగారూ, నాకు ఫాంటసీ సినిమాలంటే ఇష్టం. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ చూశాను, నార్నియా చూశాను. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వింటాను. బాఖ్, హాండెల్ వింటుంటే మనసు ఎక్కడికో వెళ్ళిపోతుంది. ఇది పాపమా?" ఇంట్లో పెద్దలు "అది లోకసంబంధమైనది, మానెయ్" అంటారు. స్నేహితులు "ఇందులో ఏముంది, అన్నీ మామూలే" అంటారు. పిల్లవాడు ఇద్దరి మధ్య నలిగిపోతాడు. కొన్నాళ్ళకు ఇంట్లో చెప్పడం మానేసి చాటుగా చూస్తాడు. మరికొన్నాళ్ళకు, తన హృదయం ఉప్పొంగే చోట దేవునికి చోటు లేదనీ, దేవుడు ఉండే చోట తన హృదయం ఉప్పొంగదనీ అనుకోవడం మొదలుపెడతాడు. ప్రియులారా, ఇది చిన్న నష్టం కాదు. కాబట్టి తొందరపడి అవుననీ కాదనీ చెప్పకుండా, మనకంటే ముందు నడిచిన విశ్వాసులు ఈ ప్రశ్నను ఎలా ఎదుర్కొన్నారో చూద్దాం.

బైబిలులో కథ, బైబిలులో సితార

మొదట దేవుని వాక్యం దగ్గరకే వెళ్దాం. న్యాయాధిపతులు 9వ అధ్యాయంలో గిద్యోను కుమారుడు యోతాము గెరిజీము కొండమీద నిలబడి షెకెము ప్రజలకు ఒక కథ చెప్పాడు. చెట్లన్నీ కలిసి తమకు రాజును ఎన్నుకోవడానికి బయలుదేరాయట. ఒలీవ చెట్టు ఒప్పుకోలేదు, అంజూరపు చెట్టు ఒప్పుకోలేదు, ద్రాక్షావల్లి ఒప్పుకోలేదు. చివరకు ముండ్లపొద ఒప్పుకుంది. చెట్లు నడవడం, మాట్లాడడం మనం ఎన్నడైనా చూశామా? యోతాము అబద్ధమాడాడని ఎవరైనా అంటారా? లేదు. జరగని కథతో జరుగుతున్న సత్యాన్ని చెప్పాడు. నాతాను ప్రవక్త దావీదు పాపాన్ని సూటిగా చెప్పలేదు. ఒక పేదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పాడు. రాజు మనస్సాక్షి తలుపు వేసుకుని కూర్చుంటే ఆ కథ కిటికీలోనుండి లోపలికి వెళ్ళింది.

సంగీతం సంగతి చూడండి. ఆదికాండము 4వ అధ్యాయంలో సితార వాయించేవారికి మూలపురుషుడు యూబాలు. అతడు కయీను వంశస్థుడు. ఆ వంశంలో పుట్టింది కాబట్టి సితార అపవిత్రమని దావీదు అనుకోలేదు. దాన్నే చేతపట్టుకుని సౌలు ఎదుట వాయించాడు. సౌలుకు నెమ్మది కలిగింది. అయితే అదే సితార వాయిస్తున్న దావీదు మీదికే సౌలు ఈటె విసిరాడని కూడా 1 సమూయేలు 18వ అధ్యాయంలో చదువుతాం. సంగీతం అతని నరాలను చల్లబరచింది గాని అతని హృదయాన్ని మార్చలేదు. ఈ మాట గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరకు వస్తాం.

తేనెటీగ చెప్పిన పాఠం

ఇక సంఘ చరిత్రలోకి వద్దాం. నాలుగవ శతాబ్దంలో ఇప్పటి టర్కీ దేశంలోని కప్పదొకియలో బాసిల్ అనే భక్తుడు ఉండేవాడు. కైసరయ పట్టణపు బిషప్పు. ఆథెన్సులో చదువుకున్నవాడు. ఆ రోజుల్లో క్రైస్తవ పిల్లలకు వేరే పాఠశాలలు లేవు. చదువంటే గ్రీకు కావ్యాలే. వాటినిండా అన్యదేవతలు, రాక్షసులు, మాయలు, మంత్రాలు. విశ్వాసుల పిల్లలు వాటిని చదవవచ్చా? ఈ ప్రశ్నకు జవాబుగా బాసిల్ యౌవనస్థులను ఉద్దేశించి ఒక ప్రసంగ వ్యాసమే వ్రాశాడు.

ఆయన ఏమన్నాడో తెలుసా? తేనెటీగను చూడమన్నాడు. తేనెటీగ అన్ని పువ్వుల మీదా వాలదు. వాలిన పువ్వునంతా మోసుకుపోదు. తనకు కావలసినది తీసుకుని మిగిలినది వదిలేస్తుంది. గులాబీ కోసేవాడు ముళ్ళు తప్పించుకుని కోసినట్లే మీరూ చదవండి అన్నాడు. మోషే ఐగుప్తీయుల విద్య నేర్చిన తరువాతే దేవుని సేవకు వచ్చాడనీ, దానియేలు కల్దీయుల విద్య నేర్చాడనీ గుర్తుచేశాడు. చెడ్డతనాన్ని అందంగా చూపించే చోట మాత్రం చెవులు మూసుకొమ్మన్నాడు. ఎలాగంటే, గ్రీకు కథలో ఒడిస్సియస్ అనే వీరుడు సముద్ర కన్యల పాట దగ్గర తప్పించుకున్నట్లు! కల్పిత కథల విషయంలో జాగ్రత్త చెప్పడానికి ఆయన కల్పిత కథనే వాడుకున్నాడు. తేనెటీగ పని ఎలా చేయాలో ఆ ఒక్క మాటలోనే చేసి చూపించాడు.

అయితే అదే శతాబ్దపు అగస్టీను భక్తుని మాట కూడా వినాలి. చిన్నప్పుడు ఆయన లాటిను కవి వర్జిల్ వ్రాసిన కావ్యం చదివి, అందులో ప్రేమ విఫలమై చనిపోయిన దీదో అనే రాణి కోసం కన్నీళ్ళు కార్చాడు. పెద్దవాడై తన ఒప్పుకోలు గ్రంథంలో ఆ సంగతి తలచుకుని బాధపడ్డాడు. కథలోని రాణి కోసం ఏడ్చాను గాని, దేవునికి దూరమై చస్తున్న నా ఆత్మ కోసం ఒక్క బొట్టు రాల్చలేదే అని ఆయన దుఃఖం. ఎంత పదునైన మాట! సినిమా హాలులో రుమాలు తడిసిపోతుంది. ప్రభువు బల్ల దగ్గర కళ్ళు పొడిగానే ఉంటాయి.

సంగీతం విషయంలో అగస్టీను రెండు మనసులతో సతమతమయ్యాడు. 387లో మిలాను పట్టణంలో బాప్తిస్మం పొందిన రోజుల్లో అక్కడి సంఘం పాటలు విని ఏడ్చినవాడు ఆయనే. తరువాత అనుమానపడినవాడూ ఆయనే. పాటలోని మాట కంటే పాడే గొంతు నన్ను ఎక్కువగా కదిలిస్తే అది నాకు పాపమే అన్నాడు. ఒక్కోసారి రాగాలన్నీ తీసివేస్తే బాగుండునని కూడా అనిపించిందట. అయినా చివరకు సంఘంలో పాట ఉండాలనే వైపే మొగ్గాడు. బలహీనుల హృదయాలు దేవునివైపు లేవడానికి అది సహాయం చేస్తుందని.

లూథరు వీణ, జ్యూరిక్ మౌనం

వెయ్యేళ్ళకు పైగా గడిచాక సంస్కరణ కాలంలో అదే తర్జనభర్జన మళ్ళీ వచ్చింది. మార్టిన్ లూథర్ లూట్ అనే వీణలాంటి వాద్యం వాయించేవాడు. దేవుని వాక్యం తరువాత సంగీతానికే పెద్దపీట వేశాడు. స్విట్జర్లాండులోని జ్యూరిక్ పట్టణంలో జ్వింగ్లీ ఇంకో దారి తొక్కాడు. విచిత్రమేమిటంటే జ్వింగ్లీ స్వయంగా మంచి సంగీత విద్వాంసుడు. ఎన్నో వాద్యాలు వాయించగలడు. ఇంట్లో వాయించేవాడు గాని ఆరాధనలో వద్దన్నాడు. 1527లో ఆ పట్టణపు పెద్ద దేవాలయంలోని ఆర్గానును విప్పించివేశారు. ఆయనకు సంగీతమంటే ద్వేషం లేదు. దాని బలం తెలిసినవాడు కాబట్టే, అది వాక్యాన్ని మింగేస్తుందేమోనని భయపడ్డాడు.

జ్వింగ్లీ భయాన్ని మనం తేలికగా తీసివేయకూడదు. అయితే లూథరు నమ్మకానికి దేవుడు ఇచ్చిన ఫలం కూడా చూడాలి. లూథరు బాల్యంలో చదువుకున్న ఐసెనాఖ్ పట్టణపు పాఠశాలలోనే రెండు వందల ఏళ్ళ తరువాత ఇంకొక పిల్లవాడు చదువుకున్నాడు. అతడే యోహాన్ సెబాస్టియన్ బాఖ్. 1685లో పుట్టాడు. పదేళ్ళకే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నాడు. పెద్దయ్యాక తనకు పుట్టిన ఇరవైమంది పిల్లలలో పదిమందిని చిన్నతనంలోనే సమాధి చేశాడు. 1723 నుండి 1750లో చనిపోయేవరకు లైప్జిగ్ పట్టణంలో దేవాలయ సంగీతం నడిపించాడు. తాను కూర్చిన సంగీతపు కాగితాల మీద మొదట "యేసూ, సహాయం చేయుము" అనే అర్థం వచ్చే అక్షరాలు, చివర "దేవునికి మాత్రమే మహిమ" అనే అర్థం వచ్చే అక్షరాలు ఎన్నో చోట్ల వ్రాసుకున్నాడు.

బాఖ్ చదువుకున్న బైబిలు వ్యాఖ్యాన గ్రంథం ఒకటి 1934లో అమెరికాలో బయటపడింది. దాని అంచుల్లో ఆయన చేతివ్రాతతో గురుతులు ఉన్నాయి. రెండవ దినవృత్తాంతములు 5వ అధ్యాయంలో గాయకులూ వాద్యగాండ్రూ ఏకస్వరంగా దేవుని స్తుతించగా మందిరం మేఘంతో నిండిన సంగతి ఉంది కదా. అక్కడ ఆయన, భక్తితో చేసే సంగీతంలో దేవుడు తన కృపతో సమీపంగా ఉంటాడనే భావం వ్రాసుకున్నాడు. అదే బాఖ్ లైప్జిగ్‌లోని కాఫీ దుకాణంలో కచేరీలు నడిపాడు. కాఫీ పిచ్చి పట్టిన ఒక అమ్మాయి గురించి సరదాగా ఒక సంగీత రూపకం కూడా కూర్చాడు. ఆదివారం ఒక దేవుడు, శుక్రవారం ఇంకొక దేవుడు అని ఆయనకు లేదు.

మన తెలుగు సంఘాలకు కూడా ఈ చరిత్రలో వంతు ఉంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాటల పైన రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి. 1803లో పుట్టి 1890లో ప్రభువునందు నిద్రించిన పురుషోత్తమ చౌదరి భక్తుడు మొదలైనవారు, అన్యుల దేవతల్ని కీర్తించిన రాగాలనే తీసుకుని యేసు నామాన్ని పాడారు. యూబాలు సితార దావీదు చేతికి వచ్చినట్లే.

చెరసాల తలుపులు తెరచిన పాట

ఇప్పుడు హాండెల్ సంగతి. 1741 ఆగస్టు 22న మొదలుపెట్టి సెప్టెంబరు 14కల్లా, అంటే 24 రోజుల్లో, "మెస్సయ" అనే సంగీత కావ్యాన్ని పూర్తిచేశాడు. అందులోని మాటలన్నీ బైబిలు వచనాలే. 1742 ఏప్రిల్ 13న ఐర్లాండులోని డబ్లిన్‌లో మొదటిసారి వినిపించారు. జరిగింది దేవాలయంలో కాదు, ఒక సంగీత మందిరంలో. జనం ఎక్కువ పట్టాలని, స్త్రీలు గుండ్రని చట్రాల గౌనులు వేసుకోకుండా, పురుషులు కత్తులు కట్టుకోకుండా రావాలని ముందుగానే కోరారు. వచ్చిన సొమ్ము రెండు ఆసుపత్రులకు, అప్పులు తీర్చలేక చెరలో పడినవారి విడుదలకు ఇచ్చారు. ఆ డబ్బుతో 142 మంది చెరనుండి బయటికి వచ్చారని చెబుతారు. పాట విన్నవారి ఆనందం వారి చెవుల్లోనే ఆగిపోలేదు, చెరసాల తలుపుదాకా వెళ్ళింది.

మరుసటి ఏడు లండన్‌లో గొడవ మొదలైంది. నాటకాలాడే చోట దేవుని మాటలు పాడటమా అని కొందరు భక్తిపరులు అభ్యంతరం చెప్పారు. 1758లో జాన్ వెస్లీ బ్రిస్టల్ కథీడ్రల్‌లో అదే మెస్సయ విన్నాడు. ప్రసంగం వేళ కూడా ఆ జనం అంత గంభీరంగా కూర్చున్నారో లేదో అని తన దినచర్యలో వ్రాసుకున్నాడు. ప్రసంగం చేసే మాలాంటివాళ్ళకు అది కొంచెం గుచ్చుకునే మాటే!

అయితే కథ అక్కడితో అయిపోలేదు. 1784లో లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో హాండెల్ జ్ఞాపకార్థం పెద్ద ఉత్సవం చేశారు. ఊరంతా మెస్సయ గురించే మాట. అప్పుడు లండన్‌లో పాదిరిగా ఉన్న జాన్ న్యూటన్, అంటే అమేజింగ్ గ్రేస్ పాట వ్రాసిన న్యూటన్, ఆ పాటల్లోని బైబిలు వచనాల మీద 50 ప్రసంగాలు చేశాడు. 1786లో అవి పుస్తకంగా వచ్చాయి. అందులో ఆయన ఒక ఉపమానం చెప్పాడు. రాజద్రోహం చేసి చెరలో ఉన్న నేరస్థులను ఊహించుకోండి. తీర్పు దగ్గరపడింది. రాజు దయతలచి క్షమాపణ ఇస్తానని కబురు పంపాడు. వాళ్ళేమో ఆ క్షమాపణను అందుకోకుండా, ఆ కబురులోని మాటలకు మంచి బాణీ కట్టి పాడుకుంటూ, ఎవరు బాగా పాడారా అని మురిసిపోతున్నారు. వాళ్ళను ఏమనాలి?

న్యూటన్ సంగీతాన్ని నిషేధించలేదు. పాట మెచ్చుకుని పాటలోని రక్షకుణ్ణి విడిచిపెట్టిన వాళ్ళ కోసం ఏడ్చాడు. ఇది యెహెజ్కేలు 33వ అధ్యాయంలో ఉన్నదే. ప్రవక్త మాటలు ప్రజలకు మంచి గాయకుడి ప్రేమగీతంలా ఉన్నాయి. వింటారు, ఆనందిస్తారు, కాని చేయరు. ఒకే మెస్సయ! డబ్లిన్‌లో చెరసాల తెరచింది. లండన్‌లో కొందరికి చెరసాలలోనే కాలక్షేపమైంది. తేడా సంగీతంలో లేదు, విన్నవారిలో ఉంది.

కథలను ప్రేమించిన ఒక కుర్రవాడు

ఫాంటసీ కథలను, శాస్త్రీయ సంగీతాన్ని ఒకేసారి ప్రేమించిన ఒక యౌవనస్థుని సంగతి చెప్తాను. అతడు 1898లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన సి. ఎస్. లూయిస్. తొమ్మిదేళ్ళప్పుడు తల్లి కాన్సరుతో చనిపోయింది. అమ్మను బాగుచేయమని ప్రార్థించాడు, బాగుకాలేదు. కొన్నేళ్ళకు హాస్టలు చదువులో ఉండగా విశ్వాసం జారిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, సుమారు 13 ఏళ్ళ వయసులో, జర్మను సంగీతకారుడు వాగ్నర్ కూర్చిన సంగీత నాటకాల తాలూకు బొమ్మలు చూశాడు, తరువాత గ్రామఫోను రికార్డు విన్నాడు. ఉత్తర ఐరోపా దేవతలు, వీరులు, మాయ ఉంగరం కథ అది. ఆ పిల్లవాని హృదయంలో చెప్పలేని దాహం పుట్టింది. దొరికితే బాగుండుననిపించే ఏదో ఆనందం. పట్టుకోబోతే చేతికి చిక్కదు.

1916 మార్చిలో, 17 ఏళ్ళవాడు, ఒక రైల్వే స్టేషను పుస్తకాల దుకాణంలో ఒక ఫాంటసీ నవల కొన్నాడు. వ్రాసినవాడు జార్జ్ మెక్‌డొనాల్డ్, ఒకప్పుడు పాదిరిగా పనిచేసినవాడు. పుస్తకం వచ్చింది 1858లో. లూయిస్ అప్పటికి నాస్తికుడు. ఆ కథలో తనకు తెలియని ఒక పరిశుద్ధత గాలి తగిలింది. తన బుద్ధి మారడానికి ఇంకా చాలా కాలం పట్టిందిగాని, తన ఊహాశక్తి మాత్రం ఆ రాత్రే బాప్తిస్మం పొందిందన్నట్లు పిమ్మట వ్రాసుకున్నాడు.

పదిహేనేళ్ళు గడిచాయి. 1931 సెప్టెంబరు 19 రాత్రి ఆక్స్‌ఫర్డ్‌లో ఇద్దరు స్నేహితులతో లూయిస్ నడుస్తూ మాట్లాడుకున్నాడు. వారిలో ఒకరు టోల్కీన్, తరువాత లార్డ్ ఆఫ్ ది రింగ్స్ వ్రాసినవాడు, కతోలిక విశ్వాసి. చనిపోయి లేచే దేవుని కథ పురాణాల్లో వస్తే నీ మనసు కదులుతుంది, సువార్తలో వస్తే మాత్రం ఎందుకు కదలదు అన్నదే వారి వాదన. క్రీస్తు కథ కూడా అలాగే మనసును పట్టుకునే కథ, అయితే ఇది నిజంగా జరిగిన కథ. కొద్ది రోజులకే, సెప్టెంబరు 28న, అన్నగారి మోటారు సైకిలు పక్కబండిలో కూర్చుని జంతుప్రదర్శనశాలకు వెళ్తూ, యేసు దేవుని కుమారుడని లూయిస్ నమ్మాడు. బయలుదేరినప్పుడు నమ్మిక లేదు, చేరేసరికి ఉంది.

పదేళ్ళ తరువాత, 1941 జూన్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ మేరీ దేవాలయంలో ప్రసంగిస్తూ ఆయన తన అనుభవ సారమంతా చెప్పాడు. మనం పుస్తకాల్లో, సంగీతంలో సౌందర్యం ఉందనుకుంటాం. వాటిమీదనే నమ్మిక పెట్టుకుంటే అవి మనల్ని మోసం చేస్తాయి. ఎందుకంటే అది వాటిలో లేదు, వాటిగుండా వచ్చింది. వాటినే అసలైనదిగా పట్టుకుంటే అవి విగ్రహాలై, పూజించినవాని గుండె పగలగొడతాయని ఆయన భావం. తిమోతి పత్రికలో పౌలు ధనం గురించి చెప్పింది, లూయిస్ సౌందర్యం గురించి చెప్పాడు.

ఇక మన యౌవనస్థులు చూసిన సినిమాల సంగతి. టోల్కీన్ పుస్తకం 1954, 1955 సంవత్సరాల్లో వచ్చింది. దాని ఆధారంగా 2001, 2002, 2003లో మూడు సినిమాలు వచ్చాయి. మూడవదానికి పదకొండు ఆస్కారు బహుమతులు వచ్చాయి. వాటికి హోవర్డ్ షోర్ సంగీతం కూర్చాడు. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క బాణీ ఇచ్చి, కథతోపాటు దాన్ని పెంచుకుంటూ పోయే పద్ధతి, వాగ్నర్ బాగా వాడిన పద్ధతే. కాబట్టి ఆ సినిమా చూసిన పిల్లవాడికి పెద్ద వాద్యబృందపు సంగీతం మీద ఇష్టం కలగడంలో ఆశ్చర్యం లేదు. లూయిస్ వ్రాసిన నార్నియా కథల్లో మొదటిది 1950లో పుస్తకంగా, 2005లో పెద్ద సినిమాగా వచ్చింది. అందులో ద్రోహం చేసిన పిల్లవాడికి బదులుగా అస్లాన్ అనే సింహం ప్రాణం పెట్టి తిరిగి లేస్తుంది. అది ఎవరిని తలపిస్తుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

టోల్కీన్ కథలో ఒక సంగతి మాత్రం గమనించండి. ఎంతో కష్టపడి ఆ చెడ్డ ఉంగరాన్ని అగ్నిదాకా మోసుకెళ్ళిన ఫ్రోడో, చివరి క్షణంలో దాన్ని పారవేయలేకపోతాడు. "నాదే" అంటాడు. మరి లోకం ఎలా రక్షింపబడింది? గొల్లమ్ అనే నీచుణ్ణి చంపగలిగి కూడా ఒకప్పుడు దయతో వదిలేశారు. ఆ గొల్లమ్ వల్లనే చివరకు ఉంగరం అగ్నిలో పడుతుంది. మనిషి బలం చాలదు, కనికరమే గెలిచింది. ఇది చూసి, "నాకు కూడా విడువలేని ఉంగరం ఒకటుంది ప్రభువా" అని మోకరించే యౌవనస్థుడు ధన్యుడు.

సంగీతం రక్షించదు

అయితే జాగ్రత్త. మంచి సంగీతం వింటున్నాను కాబట్టి నేను మంచివాణ్ణి అనుకోవడం గొప్ప మోసం. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆష్విట్జ్ మరణశిబిరంలో నాజీలు ఖైదీ స్త్రీలతో ఒక వాద్యబృందం నడిపించారు. ఖైదీలు పనికి వెళ్ళేటప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు వారు వాయించాలి. అధికారులు తీరిక వేళ వచ్చి వినేవారు. ఆ బృందంలో చెల్లో అనే వాద్యం వాయించిన అనితా లాస్కర్ అనే అమ్మాయి, డాక్టర్ మెంగెలె కోరితే షూమన్ కూర్చిన ఒక మధురమైన ముక్క వాయించవలసి వచ్చింది. ఎవరు బ్రతకాలో ఎవరు గ్యాసు గదికి పోవాలో వేలు చూపి నిర్ణయించినవాడు ఆ మెంగెలె. అతనికి చెవి ఉంది, అభిరుచి ఉంది. హృదయం మాత్రం రాయి. సౌలును గుర్తుంచుకోమన్నాను కదా. సితార విన్న చెవి, ఈటె విసిరిన చేయి, రెండూ ఒకే మనిషివి.

కథల విషయంలో కూడా ఒక గీత ఉంది. ఎఫెసులో మాంత్రిక విద్య అభ్యసించినవారు క్రీస్తును నమ్మి యాభైవేల వెండి నాణెముల విలువగల పుస్తకాలు తగలబెట్టారని అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చెబుతుంది. అదే పౌలు ఆథెన్సులో గ్రీకు కవి మాటను తన ప్రసంగంలో వాడుకున్నాడు. చేతబడి నేర్పే పుస్తకం వేరు, కవిత్వం వేరు. సోదె, చేతబడి, చచ్చినవారితో మాట్లాడటం దేవుడు నిషేధించాడు. అందులో వెనుకాడే పని లేదు. ఏదైనా సినిమా నిన్ను వాటివైపు లాగుతుంటే, హింసనో అపవిత్రతనో నీకు తీపి చేస్తుంటే, ఒడిస్సియస్‌లా తప్పించుకుని పారిపో. సినిమాయే చూడకూడదని నీ మనస్సాక్షి చెబితే, ఎవరో చూస్తున్నారని నీవు చూడనక్కరలేదు. చూడనివాడు చూచేవానికి తీర్పు తీర్చకూడదు, చూచేవాడు చూడనివాణ్ణి చులకన చేయకూడదు. రోమా పత్రిక 14వ అధ్యాయంలో పౌలు భోజనం గురించి చెప్పిన న్యాయం ఇదే.

పాట ఆగాక మూడు ప్రశ్నలు

నా ప్రియమైన యౌవనస్థుడా, యౌవనస్థురాలా, సినిమా ముగిసి దీపాలు వెలిగినప్పుడు, పాట ఆగిపోయినప్పుడు నిన్ను నీవే మూడు ప్రశ్నలు వేసుకో.

మొదటిది: ఇప్పుడు నేను కృతజ్ఞత చెప్పగలనా? బాఖ్‌లా దీని అడుగున "దేవునికే మహిమ" అని వ్రాయగలనా? వ్రాయడానికి సిగ్గేస్తే, అది నీది కాదు, వదిలెయ్.

రెండవది: ఇది నా ఆకలిని పెంచిందా, చంపేసిందా? నిజమైన సౌందర్యం లూయిస్‌కు దాహం పుట్టించి ప్రభువు దగ్గరకు తెచ్చింది. రాత్రంతా సినిమాలు చూసి ఉదయం బైబిలు తెరవబుద్ధి కాకపోతే, వరమే దాతను మింగేసిందన్నమాట.

మూడవది: ఇది నా చేతులదాకా వచ్చిందా? కథలోని అనాథ కోసం ఏడ్చినవాడివి, మీ వీధిలోని అనాథను చూశావా? డబ్లిన్‌లో పాట చెరసాల తెరచింది. నీ పాట ఎవరి తలుపు తెరచింది?

తల్లిదండ్రులారా, సంఘ పెద్దలారా, మీకు కూడా ఒక మాట. బాసిల్ తన కాలపు పిల్లలను కసరలేదు. పక్కన కూర్చోబెట్టుకుని ఏ పువ్వులో తేనె ఉందో, ఏ కొమ్మకు ముల్లు ఉందో చూపించాడు. మీ అబ్బాయి చెవిలో ఏమి మోగుతుందో ఒకసారి మీరూ వినండి. "ఇందులో నీకు ఏమి నచ్చింది నాయనా?" అని అడగండి. ఆ జవాబులో అతని హృదయం కనిపిస్తుంది. ఆ హృదయంలోని దాహం తీర్చేవాడు ఎవరో చెప్పడానికి మీకు అప్పుడు దారి దొరుకుతుంది. అడగకుండా నిషేధిస్తే దాహం పోదు, చాటున వేరే బావి వెదుక్కుంటుంది.

సమరయ స్త్రీ కుండ పట్టుకుని వచ్చినప్పుడు ప్రభువు ఆ బావి నీళ్ళు చెడ్డవని అనలేదు. అవి తాగినవాడు మళ్ళీ దప్పిగొంటాడని మాత్రం చెప్పి, తన దగ్గర ఉన్న జీవజలం చూపించాడు. మంచి కథ, మంచి పాట ఆ బావి నీళ్ళలాంటివే. తాగు, దేవునికి వందనాలు చెప్పు. కాని బావి దగ్గరే ఇల్లు కట్టుకోవద్దు. అక్కడ కూర్చుని నీతో మాట్లాడుతున్న ప్రభువువైపు తల ఎత్తి చూడు.

ప్రార్థన చేసుకుందాం. ప్రేమగల తండ్రీ, చెవులు చేసినవాడవు నీవే, ఊహాశక్తి ఇచ్చినవాడవు నీవే. మా బిడ్డల ఆనందాన్ని పరిశుద్ధపరచుము. నీ వరాలను అనుభవిస్తూ వాటి దగ్గరే ఆగిపోకుండా, వాటిని ఇచ్చిన నిన్ను చేరే కృప మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.